కుసత్సు వేడినీళ్లు, మన పెద్దతాత

పోయిన నెల మన సంఘం గ్రూపులో మేము పెట్టిన ఫోటో చూసి చాలామంది నవ్వుకున్నారు. నీలం చారల పొడుగు అంగీ, నడుముకు పట్టీ, కాళ్లకు చెక్క చెప్పులతో మేమిద్దరం మంచులో నిలబడ్డ ఫోటో అది. "అన్నా, దవాఖానా బట్టల్లో ఉన్నరేంది, అంతా మంచిదేనా" అని ఒకరు అడిగారు. "వదినా, ఆ బట్ట అచ్చం కాటనేనా, ఎంత కౌంటు" అని ఇంకొకరు. రెండో ప్రశ్న వేసినాయన సాంచాల మనిషని వేరే చెప్పాలా? అక్కడే రెండు ముక్కల్లో జవాబిద్దామనుకున్నాం. రాస్తూ పోతే అది బట్ట మీంచి సత్రం మీదికి, సత్రం మీంచి నీళ్ల మీదికి, నీళ్ల మీంచి మన ఇంటి మీదికే వచ్చింది. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా అమ్మాయి టోక్యోలో ఉద్యోగం చేస్తుందని మీకు తెలుసు. ఫిబ్రవరిలో మమ్మల్ని పిలిపించుకొని, "ఊరంతా చూపించను, ఒక్క చోట రెండు రాత్రులు కుదురుగా ఉంచుతా" అని కుసత్సులో ఒక పాతకాలపు సత్రం బుక్ చేసింది. అటువంటి సత్రాన్ని అక్కడ ర్యోకన్ అంటారు, వేడినీటి ఊటను ఒన్సెన్ అంటారు. కుసత్సు గున్మా జిల్లాలో, 1,200 మీటర్ల ఎత్తున కొండల్లో ఉంటుంది. టోక్యోలో ఉఎనో స్టేషన్ నుంచి రైలు, ఆ తర్వాత కొండ మీదికి బస్సు. బస్సు దిగగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన ముక్కుకు తగిలింది. అది గంధకం. ఊరి నడిబొడ్డున యుబతకె అని ఉంది, అంటే వేడినీళ్ల పొలం. పొలం అన్న మాట సరిగ్గా సరిపోయింది. భూమిలోంచి పొగలు కక్కుతూ వచ్చే నీళ్లను వరసగా పేర్చిన చెక్క కాలవల్లోంచి పారిస్తారు. అందులో నీళ్లు చల్లారతాయి, అడుగున పచ్చటి గంధకం పేరుకుంటుంది, దాన్ని గీకి అమ్ముతారు.

సత్రం గడప దగ్గరే చెప్పులు విడవాలి. ఇది మనకు నేర్పాల్సిన పని కాదు. ఇంటావిడ, ఆమెను ఒకామి అంటారు, మోకాళ్ల మీద కూర్చొని వంగి నమస్కారం పెడితే మాకే ఇబ్బంది అనిపించింది, వయసులో మా అక్కంత ఉంటుంది. గదిలో గడ్డి చాపలు, ఒక పొట్టి బల్ల, కూర్చోవడానికి మెత్తలు, గోడలో ఒక గూడు, అందులో ఒకే పువ్వు. మంచం లేదు. మేము రాత్రి భోజనం చేసి వచ్చేసరికి పనమ్మాయి బల్ల పక్కకు జరిపి పరుపులు వేసి పోయింది. పొద్దున మళ్లీ అవి బీరువాలోకి. మా అమ్మాయి ఇదంతా వింతగా చూపిస్తుంటే మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పద్మానగర్‌లో పది బై పన్నెండు ఖోలీలో ఎనిమిదిమందిమి పెరిగినోళ్లం. పగలు కండెలు చుట్టిన చోటే రాత్రి బొంతలు పరిచేవాళ్లం. తేడా ఏమిటంటే అక్కడ ఖాళీ గదికి డబ్బు తీసుకుంటారు.

ఇక అంగీ సంగతి. దాని పేరు యుకత. స్నానానికి ముందూ తర్వాతా, భోజనానికీ, ఊళ్లో తిరగడానికీ, పడుకోవడానికీ అదే. మాలో మగమనిషి దాన్ని కుడి అంచు పైకి వచ్చేట్టు చుట్టుకొని దర్జాగా వరండాలోకి వచ్చాడు. పనమ్మాయి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని పరుగున వచ్చి, సైగ చేసి, ఎడమ అంచు పైకి మార్పించింది. తర్వాత మా అమ్మాయి చెప్పింది, కుడి అంచు పైకి కట్టేది శవానికట. మన దగ్గర కూడా చావు పని అంతా తిరగేసి చేస్తాం కదా. ఒక దేశం మర్యాద ఎక్కడ మొదలవుతుందో ఇట్లాంటి చోట తెలుస్తుంది.

యుకత అన్నది యుకతబిర అన్న మాటకు పొట్టి రూపం. యు అంటే వేడినీళ్లు, కతబిర అంటే పలచటి అంగీ. వెయ్యేళ్ల కింద దొరలు ఆవిరి స్నానాల గదుల్లోకి ఈ అంగీ వేసుకొని వెళ్లేవారు, ఒళ్లు కాలకుండా. అప్పుడది నార బట్ట. జపాన్‌లో అప్పటికి పత్తి లేదు. మనోళ్లు ఇక్కడ కొంచెం ఆగి చదవాలి. 799వ సంవత్సరంలో మికవ అనే సీమ తీరానికి ఒక చిన్న పడవ కొట్టుకొచ్చిందని వాళ్ల పాత రాజచరిత్రలో రాసి ఉంది. అందులో ఇరవయ్యేళ్ల కుర్రవాడు ఒకడే. వాడి మాట ఎవరికీ అర్థం కాలేదు. కొన్నాళ్లకు వాళ్ల భాష నేర్చుకొని, తనది తెన్‌జికు అని చెప్పాడట. తెన్‌జికు అంటే మన దేశానికి వాళ్ల పాత పేరు. వాడి సామానులో ఉన్నవి పత్తి గింజలు. మరుసటి ఏడు వాటిని ఎన్నో సీమల్లో నాటించారు, కానీ నిలవలేదు. జపాన్‌లో పత్తి నిజంగా పాతుకుపోయింది మరో ఏడు వందల ఏళ్ల తర్వాత. అయినా ఆ కుర్రవాణ్ణి వాళ్లు మరిచిపోలేదు. ఐచి జిల్లా నిషియోలో తెన్‌జికు గుడి అని అతనికి గుడి ఉంది. ఊరూ పేరూ తెలియని వలస పిల్లవాడు, చేతిలో పత్తి గింజలు. మన సంఘం ఆఫీసులో ఇతని బొమ్మ ఒకటి పెట్టుకున్నా తప్పు లేదనిపించింది.

ఆ తర్వాత మన తీరం బట్ట కూడా అక్కడికి చేరింది. డచ్చి వర్తకులు మచిలీపట్నంలో కొట్టు పెట్టుకొని కోరమాండల్ తీరం చారల బట్టలు, అద్దకం బట్టలు ఓడలకెత్తారు. ఆ సరుకులో కొంత నాగసాకి దాకా పోయింది. చారల బట్టకు జపాన్‌వాళ్లు సంతోమె అని పేరు పెట్టారు. మద్రాసు మైలాపూరు దగ్గరి శాంథోం అన్న మాటే అది. అద్దకం బట్టను సరస అన్నారు. చిన్న ముక్క దొరికినా టీ సామాను సంచులకు కుట్టించి దాచుకున్నారు. తర్వాత ఆ చారలు వాళ్లే నేసుకోవడం మొదలుపెట్టారు. నేసినవాడి పేరు ఆ తీరంలోనూ లేదు, ఈ తీరంలోనూ లేదు, బట్ట పేరు మాత్రం మిగిలింది. అంగీ కౌంటు అడిగిన తమ్ముడికి జవాబు: అచ్చం కాటనే, వేలితో చూస్తే ముప్పై పైమాటే, నేత గట్టిగా ఉంది. లేబుల్ మీద ఏ దేశమో చూద్దామనుకొని మరిచాం.

సత్రాల కథకు వద్దాం. 1635లో షోగున్ ఇఎమిత్సు ఒక కట్టుబాటు పెట్టాడు. దేశంలోని దొరలంతా ఒక ఏడు సొంత సీమలో, ఒక ఏడు ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, గడపాలి. పెళ్లాం పిల్లలు ఎదోలోనే ఉండాలి. వందలమంది పరివారంతో దొరలు ఏటా దేశం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు. ఎదో నుంచి క్యోటోకు పోయే తొకాయిదో బాట మీద 53 మజిలీలు వెలిశాయి. దొరలు దిగే ఇళ్లు హొంజిన్. మామూలు బాటసారులకు హతగొ. హతగొ అంటే మొదట్లో గుర్రం దాణా బుట్ట. ఆ మాటే చివరికి మనిషికి అన్నం పెట్టే ఇంటికి పేరైంది. ఇంకా పేదలకు కిచిన్-యదొ, అంటే కట్టెల డబ్బుల సత్రం. బియ్యం నీది, కట్టెలకు మాత్రం డబ్బు ఇచ్చి నువ్వే వండుకోవాలి. మన తాతలు ఊరి నుంచి బియ్యం మూట కట్టుకొని వచ్చి, ఇక్కడ ఖానావళి ఖర్చు భరించలేక ఎవరి పొయ్యి వాళ్లు పెట్టుకున్న రోజులు గుర్తుకొచ్చాయి. వేడినీళ్ల ఊళ్లలో చాలాకాలం నడిచింది ఈ పద్ధతే. కోతలయ్యాక రైతులు బియ్యం, పప్పు మోసుకొని వచ్చి ఏడు రోజుల చొప్పున మకాం పెట్టేవారు. ఏడు రోజులు ఒక చుట్టు. ఒళ్లు బాగుపడకపోతే ఇంకో చుట్టు. ఇప్పుడు మనం చూసే పదిహేను గిన్నెల భోజనం, ఒక్క రాత్రి బస, ఇవి రైళ్లు వచ్చాక పెరిగిన సౌకర్యాలు.

అప్పటి హతగొలకు ఒక చీకటి వైపు ఉంది. అన్నం వడ్డించే ఆడవాళ్లు అన్న పేరుతో చాలా సత్రాలు వ్యభిచారం నడిపేవి. 1718లో ప్రభుత్వం సత్రానికి ఇద్దరికి మించి పెట్టుకోవద్దని చెప్పింది. వద్దే వద్దని మాత్రం చెప్పలేదు. ఒంటరిగా, నిజాయితీగా తిరిగే చిరువ్యాపారికి రాత్రి తల దాచుకోవడమే కష్టమైంది. ఆ కష్టం పడ్డవాళ్లలో ఒకాయన ఒసాకా నుంచి దూది ఏకే విల్లుకు కట్టే తాడు ఊరూరా అమ్మేవాడు. అవును, దూదేకుల సామానే. ఆయనా, ఆయన యజమానీ కలిసి 1804లో నానివ-కొ అని ఒక సంఘం పెట్టారు. బాటల వెంట మంచి సత్రాలను ఎంచి, వాటి గుమ్మానికి చెక్క పలక వేలాడదీశారు. సభ్యుడైన బాటసారికి ఒక గుర్తు బిళ్ల ఇచ్చారు. జూదం ఆడొద్దు, ఆడవాళ్లను పిలవొద్దు, తాగి గోల చెయ్యొద్దు, ఇవి నిబంధనలు. సత్రాల పేర్లతో పుస్తకం కూడా అచ్చు వేశారు. పత్తి మీద బతికే ఒక సామాన్యుడు పెట్టిన సంఘం దేశమంతా పాకింది. మన సంఘం మీటింగుకు కోరం దొరక్క కుర్చీలు లెక్కపెట్టుకునే మాకు ఇది చదివితే ఒక రకంగా సిగ్గు, ఒక రకంగా ధైర్యం.

ఎంత పాత సత్రాలున్నాయి అని కొందరు అడిగారు. యమనషి జిల్లాలో కెయున్‌కన్ అనేది 705లో మొదలైందని చెబుతారు. ప్రపంచంలో అన్నిటికంటే పాత హోటల్ అని గిన్నిస్ పుస్తకం గుర్తించింది దాన్నే. ఇషికవ జిల్లా అవజులో హొషి అనేది 718 నాటిది, తరతరానికి ఇంటి పెద్ద జెంగొరో అన్న పేరే పెట్టుకుంటాడు. ఇన్ని తరాలు వరసగా కొడుకులే పుట్టారా అంటే లేదు. జపాన్ వర్తక కుటుంబాల్లో కొడుకు లేకపోతే, ఒక్కోసారి కొడుకు పనికిరాకపోయినా, మంచి పనిమంతుడికి కూతుర్నిచ్చి ఇంటిపేరు మార్పించి దత్తత చేసుకుంటారు. మన ఇల్లరికం లాంటిదే, కాకపోతే ఇల్లరికపు అల్లుడంటే మనకు చిన్నచూపు, వాళ్లకు అది గౌరవం. కెయున్‌కన్‌లో 52 తరాల తర్వాత వారసుడు దొరక్క 2017లో అక్కడే ఎన్నో ఏళ్లు పనిచేసిన మనిషికి పగ్గాలు అప్పజెప్పారు. ఇది చదువుతూ మేము మన గల్లీలు తలుచుకున్నాం. సాంచాలు తుక్కు కింద కిలోల లెక్కన అమ్మి, షెడ్డు గోదాముకు కిరాయికిచ్చిన ఇళ్లు ఎన్ని! పిల్లలకు పని రాదని మనం బాధపడ్డాం. పక్కనే ఇరవయ్యేళ్లుగా సాంచా నడిపిన కార్మికుడికి పని వచ్చు, అతనికి అప్పజెప్పొచ్చు అన్న ఆలోచన ఎవరికీ రాలేదు, మాకూ రాలేదు. అక్కడ మాత్రం అంతా సుఖంగా ఉందనుకోకండి. 1980 ప్రాంతంలో ఎనభై వేలకు పైగా ఉన్న ర్యోకన్‌లు ఇప్పుడు సగం కూడా లేవు.

కుసత్సు నీళ్ల గురించి చెప్పాలి. ఊళ్లో అన్ని ఊటలూ కలిపి నిమిషానికి 32,000 లీటర్లకు పైగా నీళ్లు వాటంతటవే పొంగుతాయి. నిమ్మరసం అంత పులుపు. కొద్ది రోజులు వేసి ఉంచితే ఇనుప మేకు కరిగి సన్నబడిపోతుంది. ఈ నీళ్లు కలిసే ఏటిలో చేప బతికేది కాదు, కింది పొలాలకు పనికొచ్చేది కాదు. 1964 నుంచి ఏటిలోకి రాత్రీ పగలూ సున్నపు నీళ్లు వదిలి పులుపు విరుస్తున్నారు. ఇప్పటికీ ఆ పని ఆగలేదు. మనుషులకేమో ఆ పులుపే కావాలి, చర్మరోగాలకు మంచిదని. ఎనిమిదో షోగున్ యొషిమునె ఈ నీళ్లు పీపాల్లో నింపించి ఎదో కోటకు మోయించుకున్నాడు. ఆ నీళ్లు తోడిన చోటికి యుబతకెలో ఇప్పటికీ చెక్క చట్రం వేసి గుర్తు ఉంచారు. 1876లో జపాన్ వచ్చిన జర్మన్ డాక్టర్ ఎర్విన్ బెల్జ్ ఈ ఊరి నీళ్లనూ గాలినీ మెచ్చుకొని యూరప్ దాకా పేరు తెచ్చాడు. ఆయన విగ్రహం ఊళ్లో ఉంది.

నీళ్లు మరీ వేడి. చన్నీళ్లు కలిపితే గుణం పోతుందని ఆరడుగుల చెక్క పలకలతో తిరగేస్తూ చల్లారుస్తారు. దాన్ని యుమొమి అంటారు. ఆడవాళ్లు వరసగా నిలబడి పాట పాడుతూ, లయగా పలక తిప్పుతుంటే మేము టికెట్టు కొని చూశాం. ఇప్పుడది వేడుక, అప్పుడు రోగి చేసుకునే పని. రోగులంతా కలిసి నీళ్లు చిలికి, తలమీద ముప్పై చెంబులు పోసుకొని, పెద్దాయన కేక వేయగానే 47, 48 డిగ్రీల నీళ్లలో ఒక్కసారిగా దిగేవారు. మూడే నిమిషాలు. నిమిషానికోసారి పెద్దాయన అరిస్తే అందరూ కలిసి బదులు అరిచేవారు. ఒక్కడే అయితే తట్టుకోలేడు, గుంపుగా ఉంటే తట్టుకుంటాడు, అదే కిటుకు.

మాకు మాత్రం సత్రంలోని 42 డిగ్రీలే చాలు అనిపించింది. మగవాళ్లకు నీలం తెర, ఆడవాళ్లకు ఎర్ర తెర. లోపల నూలుపోగు ఉండకూడదు. ముందు పీట మీద కూర్చొని సబ్బుతో ఒళ్లంతా రుద్దుకొని కడుక్కోవాలి, ఆ తర్వాతే తొట్టిలోకి. తొట్టి కడుక్కోవడానికి కాదు, కూర్చోవడానికి. చిన్న తువాలు ఒకటి ఇస్తారు, దాన్ని నీళ్లలో ముంచకుండా మడిచి తలమీద పెట్టుకోవాలి. సోలాపూర్ తువాలైతే దాని బరువుకే మెడ విరిగేది. బయట మంచు, లోపల పొగ, పక్కన ఎవరో ముసలాయన కళ్లు మూసుకొని. సిగ్గు రెండు నిమిషాల్లో పోయింది. ఎర్ర తెర వెనక ఉన్న మాలో రెండో మనిషి వెండి మట్టెలు తీయడం మరిచిపోయింది. బయటికి వచ్చేసరికి అవి బొగ్గులా నల్లబడ్డాయి. గంధకం వెండిని పట్టుకుంటుంది. ఇంటికొచ్చాక చింతపండుతో ఎంత తోమినా ఒక మూల నలుపు పోలేదు.

కానీ ఆ తెర దాటడానికి ముందు జరిగింది చెప్పకపోతే ఈ కథ సగమే. గోడ మీద ఒక బోర్డు, ఒంటి మీద పచ్చబొట్టు ఉన్నవాళ్లు రాకూడదని. మా ఆవిడ మోచేతి కింద చిన్నప్పుడు వేయించిన చుక్కలున్నాయి, ఊళ్లో పచ్చబొట్లావిడ కరీంనగర్ పల్లెలో ఆడపిల్లలందరికీ పొడిచినవి. మన తరం ఆడవాళ్లలో లేనిది ఎవరికి? అక్కడ పచ్చబొట్టు అంటే రౌడీ ముఠాల గుర్తు. 1872లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది, 1948లో నిషేధం తీసేసినా స్నానాల గడపల మీద బోర్డులు మిగిలిపోయాయి. నిషేధం రోజుల్లోనే ఉత్తరాన ఐను జాతి ఆడవాళ్ల పెదాల పచ్చబొట్లూ తప్పయిపోయాయి. 2013లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన మావొరి ముసలావిడను ఆమె జాతి మొహం గుర్తు చూసి హొక్కయిదోలో ఒక స్నానశాల వెనక్కి పంపింది. అంతకు ముందు ఒతరులో ఒక స్నానశాల విదేశీయులెవరూ రావద్దని బోర్డు పెడితే, కోర్టు 2002లో దాన్ని నష్టపరిహారం కట్టమంది. మా అమ్మాయి ఇదంతా చెబుతుంటే మా ఆవిడ, "నేను గదిలోనే చెంబుతో పోసుకుంటా తియ్" అంది. చివరికి ధైర్యం చేసి ఒకామికి చెయ్యి చూపించింది. ఆవిడ ఆ చుక్కల మీద వేలు పెట్టి, నొప్పి పుట్టిందా అని అడిగి, చర్మం రంగు పట్టీ ఒకటి తెచ్చి తనే అంటించింది. పట్టీ నీళ్లలో ఊడిపోయిందట. ఎవరూ ఏమీ అనలేదట.

రెండో రోజు మా అమ్మాయికి ఆఫీసు కాల్ ఉంటే మేమిద్దరం ఊరి అంచున ఒక మ్యూజియం చూడ్డానికి వెళ్లాం. పెద్దరోగానికి, అంటే కుష్ఠుకు, కుసత్సు నీళ్లు మందని పాతకాలం నుంచి నమ్మకం. రోగులు దేశం నలుమూలల నుంచి నడిచి వచ్చేవారు, నడిబొడ్డు స్నానశాలల్లోనే దిగేవారు. 1887లో వాళ్లను ఊరి దిగువకు, యునొసవ అనే వాడకు జరిపారు. అయినా అక్కడ వాళ్లు బతికారు. వాళ్లే సత్రాలు నడిపారు, అంగళ్లు పెట్టారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. 1916లో కార్న్‌వాల్ లీ అనే ఇంగ్లీషు ఆవిడ, అప్పటికే పెద్ద వయసు, ఆ వాడకు వచ్చి సొంత డబ్బుతో దవాఖానా, బడి పెట్టింది. 1931 చట్టం రోగులందరినీ పట్టి బంధించమంది. 1932లో ఊరి అవతల రకుసెన్-ఎన్ అనే ప్రభుత్వ శిబిరం తెరిచారు. 1941లో యునొసవ వాడనే ఎత్తేశారు.

ఆ శిబిరం అడవిలో 1938లో ఒక గట్టి గది కట్టారు. కాగితాల మీద దాని పేరు ప్రత్యేక వార్డు. వైద్యం లేదు. దేశంలోని శిబిరాల్లో ఎదురు మాట్లాడిన రోగులను, పారిపోయినవాళ్లను, విచారణ లేకుండా తెచ్చి అందులో వేసేవారు. పొయ్యి లేదు, దీపం లేదు, నీళ్లు గడ్డకట్టే చలి. 1947లో మూసేదాకా 93 మందిని పెట్టారు, 23 మంది చనిపోయారు. మ్యూజియంలో ఆ గదిని మళ్లీ అదే కొలతల్లో కట్టి చూపించారు. తల వంచి దూరాలి. మేము లోపల అర నిమిషం ఉన్నామేమో. అటు కొండ దిగువన వేడినీళ్లు నిమిషానికి ముప్పై వేల లీటర్లు వృథాగా పారుతున్నాయి.

శిబిరంలో చేరినవాళ్లలో చాలామంది పేరు మార్చుకున్నారు, ఇంటివాళ్లకు చెడ్డపేరు రాకూడదని. పెళ్లి చేసుకోవాలంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవాలి. చచ్చిపోతే బూడిద కూడా ఇంటికి పోలేదు, ఎవరూ తీసుకోవడానికి రాలేదు. శిబిరంలోనే వాళ్లకు అస్థికల గూడు కట్టారు. మందు 1940ల్లోనే వచ్చినా చట్టం 1996 దాకా నిలిచింది. 2001లో కుమమొతొ కోర్టు ప్రభుత్వానిదే తప్పని తేల్చింది, ప్రభుత్వం అప్పీలుకు పోలేదు. అంతటితో అయిపోయిందా? 2003లో, రోగం ఎప్పుడో నయమైన ముసలివాళ్లను అదే జిల్లాలో ఒక ఒన్సెన్ హోటల్ దిగనివ్వలేదు. మిగతా అతిథులు ఇబ్బంది పడతారన్నది. హోటల్ మొక్కుబడి క్షమాపణను వాళ్లు ఒప్పుకోకపోతే, ఆ ముసలివాళ్లనే తిడుతూ దేశమంతటి నుంచి ఉత్తరాలు వచ్చాయి.

మహారాష్ట్రలో పుట్టి పెరిగినోళ్లకు నీళ్ల దగ్గర గీసే గీత కొత్త కాదు. 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువు నీళ్లు తాగడానికి అంబేడ్కర్ వేలమందితో నడవాల్సి వచ్చిందని బడిలో మరాఠీ పాఠంగా చదివాం. మార్కులు వచ్చాయి. పాఠం ఇంటి దాకా రాలేదు.

ఇంటి సంగతి ఇది. మా తాతకు ఒక అన్న ఉండేవాడు. ఇద్దరూ కరీంనగర్ జిల్లా నుంచి కలిసే భివండి వచ్చారు, ఒకే సేట్ దగ్గర సాంచాలు నడిపారు. పెద్దతాతకు వేళ్లు మొద్దుబారాయి. తెగిన పోగు వేలికి తెలియడం లేదని మొదట సేట్ తిట్టాడు, తర్వాత మచ్చలు కనిపించాయి. మా నాయినమ్మ అతని కంచం వేరు పెట్టింది. కొన్నాళ్లకు కంచంతోపాటు మనిషి కూడా లేడు. వజ్రేశ్వరి కుండాల దగ్గర, తాన్సా ఒడ్డున ఆ వేడినీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చుంటే ఎవరో చూశామన్నారట. మనకు ముప్పై కిలోమీటర్ల దూరం కూడా లేదు. ఏటా మేమంతా జీపు కట్టుకొని వజ్రేశ్వరి పోయాం, అమ్మవారిని చూశాం, కుండంలో మునిగాం, ఉడకబెట్టిన శనగలు తిన్నాం. మెట్ల మీద కూర్చున్నవాళ్ల మొహాలు చూడలేదు. మా నాయిన చనిపోయే ముందు ఒక్కసారి, "మా పెద్దబాపు నాకు ఈత నేర్పిండు" అన్నాడు. అంతే. అడిగితే మళ్లీ మాట్లాడలేదు. ఆడపిల్లల సంబంధాలు చెడతాయని భయం. ఆ భయం ఉత్తదేం కాదు, కుష్ఠు ఉంటే విడాకులివ్వొచ్చన్న మాట మన చట్టాల్లోంచి తీసేసింది 2019లో.

ఆ గట్టి గది నుంచి బయటికి వచ్చి మేమిద్దరం బస్‌స్టాపులో మంచులో కూర్చున్నాం. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత మా ఆవిడ అడిగింది, "సంఘం పుస్తకానికి మనమిచ్చిన వంశవృక్షం ఫారంలో ఆయన పేరు రాశామా?" రాయలేదు. తాతకు అన్నదమ్ములు అన్న గడిలో "లేరు" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాం.

పోయిన ఆదివారం ఆఫీసుకు పోయి ఆ ఫారం వెనక్కి అడిగి తీసుకున్నాం. "లేరు" కొట్టేసి పేరు రాశాం. పుట్టిన ఏడు తెలియదు, పోయిన ఏడు తెలియదు, వృత్తి గడిలో నేత అని రాశాం. పేరు ఇక్కడ చెప్పడం లేదు, పుస్తకంలో చూడండి. ఫారాలు ఉగాది దాకా తీసుకుంటారట. దిద్దుకోవాల్సినవి ఉంటే ఆదివారం పది నుంచి ఒంటి గంట దాకా ఆఫీసు తెరిచి ఉంటుంది. తాళం చెవి ఈ నెల మా దగ్గరే ఉంది.